మిగులు ఈల

మన రాష్ట్రంలో కళల గరిష్ఠ పరిమితి చట్టం మా ఆయన వల్లే వచ్చిందని ఇప్పటికీ కొందరు అంటూ ఉంటారు. అది పూర్తిగా నిజం కాదు. శాలువాలు తక్కువ పడడం వల్ల వచ్చింది.

మా ఆయన పేరు భుజంగరావు. పేరు చెబితే ఎవరికీ గుర్తురాదు గాని, మనిషిని చూస్తే పాలవాడితో సహా అందరూ గుర్తుపడతారు. సినిమాల్లో కథానాయకుడి తండ్రి వేషం వేస్తారు. విశ్రాంతికి కాస్త ముందు పోతారు. గుండె పట్టుకునో, కొండ మీంచి జారో, రైలెక్కి మళ్ళీ రాకుండానో, ఏదో రకంగా ఆయన పోతే తప్ప కథ కదలదు. కొత్తలో నేను ఆయన సినిమాలకు వెళ్ళి, ఏడ్చి, ఇంటికొచ్చి, ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. తరవాత సినిమాలు మానేశాను. రైలు కదలడం తెరమీద చూసినా లేచి అవతలికి వెళ్ళిపోతాను.

ఆయన ఊరికే కూర్చోలేని మనిషి. షూటింగులో చచ్చిపోయే వంతు వచ్చేదాకా అంతా ఖాళీయే గదా. ఆ ఖాళీలో నీటిరంగుల బొమ్మలు నేర్చారు, హార్మోనియం నేర్చారు. ఈలపాట మాత్రం ఎవరూ నేర్పింది కాదు, చిన్నప్పుడే వచ్చింది. రోజూ సాయంత్రం ఇంటికొస్తూ సందు మొదట్లో పాల బూత్ దగ్గర ఈల అందుకునేవారు. అది వినబడగానే నేను పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని. ఆయన గేటు తీసేసరికి కాఫీ సిద్ధం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆ ఈల చెవిన పడేదాకా నాకు ఏ పనిమీదా చెయ్యి ఆడదు.

సాంస్కృతిక ఉత్సవాల్లో ఒక ఏడు ఆయనకు మూడు బహుమతులు వచ్చాయి. సహాయ నటుడిగా ఒకసారి, బొమ్మకు ఒకసారి, హార్మోనియానికి ఒకసారి వేదిక ఎక్కారు. మూడోసారికి తెచ్చిన శాలువాలు అయిపోయాయి. నిర్వాహకులు కంగారులో మంత్రిగారి కోసం విడిగా దాచిన జరీ శాలువా తీసి ఈయనకు కప్పేశారు. మంత్రిగారు ఉత్త భుజాలతో కారెక్కారు. నేను ఇంటికి రాగానే ఈయనకు దిష్టి తీశాను. తీయవలసింది ఆ శాలువాకని అప్పుడు తోచలేదు.

తరవాతి శాసనసభ సమావేశాల్లోనే మంత్రిగారు లేచి నిలబడ్డారు. "కొందరి చేతుల్లో నాలుగేసి కళలు మూలుగుతున్నాయి అధ్యక్షా. లక్షలాది నిరుపేదలకు చెప్పుకోడానికి ఒక్క కళ లేదు. దీన్ని ఈ ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు," అన్నారు. సభ బల్లలు చరిచింది.

నేను బడి మొహం చూడలేదు. ఈయన తెచ్చే సినిమా పాటల పుస్తకాలు ముందేసుకుని కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. చట్టాన్ని పేపర్లో వేస్తే దాన్నీ అలాగే కూడబలుక్కుని చివరిదాకా చదివాను. భూముల చట్టం ఎక్కడో దొరికితే, భూమి అన్న చోటల్లా కళ అని రాసినట్టుంది. భార్యాభర్తలు కలిసి ఒక కుటుంబం. కళల్లో మాగాణి, మెట్ట అని రెండు రకాలు. చూసేవాడి కంట నీరు పారితే మాగాణి, పారకపోతే మెట్ట. కుటుంబానికి ఒక మాగాణి కళ గాని, రెండు మెట్ట కళలు గాని ఉంచుకోవచ్చు. పైన ఉన్నదంతా మిగులు. మిగులు కళను ప్రభుత్వం తీసుకుని కళ లేని వారికి పంచుతుంది.

"ఏవండీ," అన్నాను ఈయనతో, "మీ నటన చూసి ఎవరూ ఏడవరని చెప్పండి. అప్పుడది మెట్ట అవుతుంది. ఈల ఎలాగూ మెట్టే. రెండూ మిగులుతాయి. బొమ్మలూ హార్మోనియం పోతే పోనీండి."

"అంతేగా. చెబుతాలే," అన్నారు.

కళల తహసీల్దారు పరాంకుశం గారు ఒక మంగళవారం వచ్చారు. ఆయన నిన్నమొన్నటిదాకా భూముల తహసీల్దారు. అదే జీపు, అదే సర్వేయరు, సర్వేయరు భుజాన అదే కొలత గొలుసు. సర్వేయరు పేరు మల్లేశం.

"సదరు భుజంగరావు గారి అనుభవంలో ఉన్న కళలన్నీ ఇప్పుడు నా సమక్షంలో దఖలు పరచవలెను," అన్నారు పరాంకుశం గారు, కుర్చీ చివర కూర్చుని.

ఈయన చెప్పారు. బొమ్మలకూ హార్మోనియానికీ ఆయన తల ఎత్తలేదు. ఈల దగ్గర ఆగారు.

"ఈల ఎక్కడ ఉన్నది?"

"నోట్లోనండి."

"నోరు అంటే సరిపోదు. సరిహద్దులు కావాలి."

మల్లేశం గొలుసు దించి మా ఆయన మొహం దగ్గరికి వచ్చి కాసేపు చూశాడు. "ఉత్తరం దిక్కు ముక్కు సార్. దక్షిణం గదుమ. తూర్పు పడమర చెంపలు. నడుమ ఉన్నది ఈల," అన్నాడు. పరాంకుశం గారు రాసుకున్నారు.

"ఇక నటన. ఇది తమరు ప్రదర్శించునప్పుడు ప్రజలు రోదిస్తారా?"

మా ఆయన నా వంక చూశారు. గొంతు సవరించుకున్నారు. "ఏడవరండి," అన్నారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను.

మల్లేశం తల ఊపాడు. "అవు సార్. నేను గూడ రెండు మూడు సినిమాలు చూసిన. సారు సచ్చిపోతుంటే నాకేం అనిపియ్యలే. కుష్కి అని రాసుకోండ్రి." కుష్కి అంటే మెట్ట. వాళ్ళ వైపు అలా అంటారు.

అక్కడితో అయిపోవలసింది.

"నువ్వు చూసినవి ఏ సినిమాలు?" అన్నారు మా ఆయన.

"యాది లేదు సార్."

"యాది లేకుండా ఏమీ అనిపించలేదని ఎలా అంటావు? ఏ చావు చూశావు నువ్వు? రైలు చావా, ఆసుపత్రి చావా?"

"ఏవండీ," అన్నాను నేను.

"ఉండు వర్ధనం. అతను తెలుసుకోవాలని అడుగుతున్నాడు. తహసీల్దారు గారూ, ఆ కుర్చీ కాస్త ఇటు జరపండి. నేను కొడుకుని బడికి పంపిస్తున్నాను అనుకోండి. వాడు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు."

నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. చూడలేను గనక. కాని వినబడుతూనే ఉంది. ఇన్నేళ్ళలో ఆయన అంత బాగా చచ్చిపోవడం నేనెప్పుడూ వినలేదు. ఒక దగ్గూ, ఒక పేరూ, కుర్చీ పక్కకు ఒరిగిన చప్పుడూ. తలుపు తీసి చూస్తే మల్లేశం గొలుసు ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడి ఉన్నాడు. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు.

"తరి సార్," అన్నాడు మల్లేశం ముక్కు ఎగబీలుస్తూ. "రెండు పంటల తరి." తరి అంటే మాగాణి.

మా ఆయన నేలమీంచి లేచి పంచె దులుపుకుని నా వంక గర్వంగా చూశారు. నా మొహం చూశాక, ఏం చేశారో ఆయనకు అర్థమైంది.

మర్నాడు మార్తాండం గారు వచ్చారు. సినిమాల్లో ఈయన్ని చంపేది ఎక్కువగా ఆయనే. బయట ఇద్దరికీ ప్రాణ స్నేహం. ఆయనకు నటన కాక నాట్యం కూడా ఉంది.

"నా నాట్యం మా అత్తగారి పేర పెట్టేశాను అన్నయ్యా. ఆవిడది వేరే కుటుంబం కింద లెక్క," అన్నారు.

"ఆవిడ మంచం దిగలేదు గదా అన్నయ్యగారూ," అన్నాను.

"దిగదమ్మా. తనిఖీ వాళ్ళు వస్తే, పొమ్మని పడుకునే చెయ్యి విసిరింది. అభినయం బాగుందని రాసుకుని వెళ్ళారు." ఆయన గొంతు తగ్గించారు. "మీకు దీనికంటే తేలిక మార్గం ఉంది. మీరిద్దరూ కాగితం మీద విడాకులు తీసుకోండి. రెండు కుటుంబాలవుతాయి. నటన అన్నయ్యది, ఈల నీది. కాపురం ఇక్కడే, మామూలే. వెనక భూములకు ఎంతమంది చెయ్యలేదు?"

నేను కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఉత్త కాగితమే కదా వర్ధనం," అన్నారు ఈయన, కాస్త భయంగానే.

"మీ చావులూ ఉత్తవే. నేను చూడగలుగుతున్నానా?"

"మరి ఈల పోతుందే."

"ఆ ఈల మీరు వస్తున్నారని చెప్పడానికి. మిమ్మల్ని వదిలేసి ఈల నా పేర రాయించుకుని ఏం చేసుకోను?"

మార్తాండం గారు కాఫీ అందుకున్నారు. "విడదీయడం నాకు అలవాటేనమ్మా. కాని కెమెరా లేకుండా నాకూ మనసొప్పడం లేదు. పోనీలే," అన్నారు.

పంపిణీ సభ మా కాలనీ మైదానంలోనే పెట్టారు. ఈసారి శాలువాలు రెండు లారీలు తెప్పించి, అన్నిటికంటే ముందు ఒకటి మంత్రిగారికి కప్పారట. కళ ఇచ్చేవాడు దాన్ని చివరిసారి మైకులో ప్రదర్శించి, పుచ్చుకునేవాడికి చెయ్యి కలిపి, వీడ్కోలు చెప్పి దిగాలి. నేను వెళ్ళలేదు. వీడ్కోలు సభ ఎవరిదైనా నేను వెళ్ళను. ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాను. అంతలో మైకులోంచి ఈల వినబడింది. అలవాటు చొప్పున లేచి పాలు పొయ్యి మీద పెట్టాను. పాలు పొంగిపోయాయి. ఈయన రాలేదు. అక్కడ ఇంకా మంత్రిగారు మాట్లాడుతున్నారు.

హార్మోనియం ఒక చేపల కాంట్రాక్టరుకు పడింది. బొమ్మలు పడ్డవాడు తీసుకోడానికే రాలేదు. ఈల మా వెనక వీధి బసవయ్య గారికి పడింది. ఆయన రిజిస్ట్రేషను కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. భార్య పోయింది, ఒక్కరే ఉంటారు. మర్నాడు పొద్దున్నే పట్టా చేత్తో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"నేను బొమ్మలకు పెట్టుకున్నానండి. గోడలు మరీ బోసిగా ఉన్నాయని. లాటరీలో ఈల వచ్చింది. పై వరస కట్టుడు పళ్ళని చెబుదామంటే దరఖాస్తులో ఆ గడి లేదు. ఇప్పుడు దీన్ని మీరు నాకు స్వాధీనపరచాలిటండి."

స్వాధీనపరచడమంటే నేర్పడం. కాని మా ఆయన ఈల వేస్తే ఆక్రమణ కిందికి వస్తుంది. కూని రాగం తీస్తే సంగీతం, అదీ ఆయనది కాదు. పెదవులు ఎలా పెట్టాలో కాగితం మీద గీసి చూపిద్దామంటే బొమ్మలూ పోయాయి. మిగిలింది నటన. అందుకని ఈయన ఈల వేస్తున్నట్టు నటించారు. పెదవులు సున్నా చుట్టి, కళ్ళు మూసి, తల పక్కకు వాల్చి, చప్పుడు లేకుండా ఒక రాగమంతా ఆలపించారు. బసవయ్య గారు చేతులు కట్టుకుని శ్రద్ధగా చూశారు.

"అద్భుతంగా ఉందండి," అన్నారు చివర. "ఏ రాగం?"

"మోహన."

"నాకు అలాగే అనిపించింది," అన్నారాయన.

తరవాత ఆయన ప్రయత్నించారు. గాలి వచ్చింది. గాలితో పాటు పళ్ళు వచ్చాయి. రోజూ సాయంత్రం వచ్చి పాఠం చెప్పించుకోవడం, పళ్ళు కడుక్కుని వెళ్ళడం జరుగుతూ వచ్చింది.

నా అవస్థ వేరు. ఈయన ఇప్పుడు సందులోంచి మూగగా వస్తున్నారు. ఎప్పుడు వస్తారో తెలియక నేను ఎండ వాలకముందు నుంచే గేటు పట్టుకుని నిలబడుతున్నాను. నా బాధ చూడలేక ఈయన ఒక ఉపాయం ఆలోచించారు. "బూత్ దగ్గరికి రాగానే గట్టిగా దగ్గుతాను. దగ్గు కళ కాదుగా," అన్నారు.

మొదటి రోజే ఆయన దగ్గగానే బూత్ దగ్గర జనం మూగారు. ఏ సినిమాలోనైనా ఈయన దగ్గారంటే తరవాత ఏమవుతుందో వాళ్ళందరికీ తెలుసు. బల్ల మీద పడుకోబెట్టారు, చొక్కా గుండీలు విప్పారు, అట్టముక్కతో విసిరారు. ఎవరో అంబులెన్సుకు ఫోను చేశారు. "నాకేం కాలేదయ్యా," అని ఈయన అంటుంటే, "ఊరుకోండి సార్, మీరెప్పుడూ అదే అంటారు," అని మళ్ళీ పడుకోబెట్టారు. ఇంట్లో నాకు అంబులెన్సు కూత వినబడింది. ఆ తరవాత దగ్గవద్దన్నాను.

ఈలోగా ఆక్రమణల నిరోధక దళం దిగింది. ఒకరోజు పప్పు ఉడుకుతుండగా నలుగురు లోపలికి వచ్చారు. "ఈ ఇంట్లోంచి అనుమతి లేని ఈల వచ్చినట్టు సమాచారం," అన్నాడు ముందున్నవాడు. నేను కుక్కరు చూపించాను. అది ఎవరి పేర ఉందని అడిగాడు. మా పుట్టింటివారు పెట్టిందన్నాను. "పట్టాదారు సమ్మతి లేకుండా మోగించరాదు," అని దాని మీద ఎర్ర సీలు వేసి వెళ్ళారు. ఆ వారమే మా దగ్గరి స్టేషనులో రైలు గార్డు ఈల కూడా పట్టుకున్నారని, అందువల్ల పొద్దుటి రైళ్ళు ప్లాట్‌ఫారం వదల్లేదని పేపర్లో వచ్చింది. సాగనంపడానికి వచ్చినవాళ్ళూ ప్రయాణికులూ కలిసి పెట్టెల మీద టిఫిను చేస్తున్న ఫొటో వేశారు. చట్టం మొత్తంలో నాకు నచ్చిన సంగతి అదొక్కటే. రైల్వే కేంద్రం కిందికి వస్తుందని ఎవరో గుర్తు చేశారు గాబోలు, మళ్ళీ కదిలాయి.

ఒక సాయంత్రం బసవయ్య గారు పాఠానికి వస్తూ మొహం వేలాడేసుకుని వచ్చారు. ఆయనకు నోటీసు వచ్చింది. పట్టా ఇచ్చిన ఈల ఇంతవరకూ సాగు చేయలేదు గనక బీడు కింద లెక్క కడతారట. సోమవారం తనిఖీ. అప్పటికీ మోగకపోతే ప్రభుత్వం వెనక్కి తీసుకుని శాశ్వతంగా రద్దు చేస్తుంది. రద్దయిన కళ ఇక ఎవరికీ చెందదు.

"ఎవరికీ అంటే?" అన్నాను.

"ఎవరికీనమ్మా. రాష్ట్రంలో ఇక ఈల ఉండదు."

ఈయన కుర్చీలో వెనక్కి వాలారు. సందు మొదటి నుంచి ఈయన ఇక ఎప్పటికీ చప్పుడు లేకుండానే వస్తారని, ఎప్పుడో ఒకరోజు రాకపోయినా నాకు తెలియదని అనిపించింది.

బసవయ్య గారు పళ్ళు సర్దుకున్నారు. "కచేరీలో నా ఉద్యోగమంతా ఇలాంటి భూములతోనే గడిచిందండి. పట్టా పుచ్చుకున్నవాడికి సాగు చేతకాకపోతే, ఎక్కడైనా ఏం చేస్తాడు?"

"ఏం చేస్తాడు?" అన్నారు ఈయన.

"కౌలుకిస్తాడు. పాత ఆసామికే."

"కౌలు ఎంత అడుగుతారు?" అన్నారు మా ఆయన, అప్పుడే బేరానికి దిగుతూ.

బసవయ్య గారు సిగ్గుపడ్డారు. "పంట వచ్చిన రోజల్లా ఒక గ్లాసు కాఫీ. అమ్మగారి చేతిది. అంతకంటే ఎక్కువ అడిగితే న్యాయం కాదండి."

సోమవారం పరాంకుశం గారూ మల్లేశమూ వచ్చేసరికి కౌలునామా స్టాంపు కాగితం మీద సిద్ధంగా ఉంది. పరాంకుశం గారు అటూ ఇటూ తిప్పి చదివారు. చట్టంలో దాన్ని కాదనే వాక్యం ఎక్కడా లేదు. భూముల చట్టంలోనూ ఉండేది కాదట.

"కౌలుదారు సాగు చేసి చూపించవలెను," అన్నారు.

మా ఆయన సందు మొదటికి నడిచి వెళ్ళారు. కాసేపటికి బూత్ దగ్గర్నుంచి ఈల లేచింది. మోహన. నేను వాళ్ళను అక్కడే వదిలేసి వంటింట్లోకి పరిగెత్తాను. పాలు ఎక్కడున్నాయో నాకు కనబడలేదు, కళ్ళు మసకేశాయి. కుంపటి పొగ అందామంటే మాది గ్యాసు పొయ్యి.

గుమ్మంలోంచి మల్లేశం తొంగి చూశాడు. "సార్, ఇటు రాండ్రి. పెద్దమ్మ ఏడుస్తున్నది. ఈల కుష్కి అని రాసుకున్నం. తరి అయితదేమో."

"నోరు మూసుకోవయ్యా," అన్నారు పరాంకుశం గారు. ఆయన ఆ మాట గెజెట్ భాషలో కాక మామూలుగా అనడం నేను మొదటిసారి విన్నాను. తరవాత సర్దుకుని నాతో అన్నారు: "జిల్లా మొత్తం మీద పంచిన కళలన్నిటిలో సాగులోకి వచ్చినది ఇదొక్కటేనమ్మా. ఆ హార్మోనియం మీద ఎండు చేపలు ఆరేస్తున్నారు. దీన్ని విజయగాథగా పైకి పంపించవలసి ఉన్నది. కుక్కరు సీలు కూడా విప్పించెదను."

విజయగాథ బయటికి వచ్చింది. అందులో బసవయ్య గారి ఫొటో, పక్కన మంత్రిగారు, మంత్రిగారి భుజాన శాలువా. మా ఆయన పేరు కౌలుదారు అన్నచోట చిన్న అక్షరాల్లో ఉంది. నేను కూడబలుక్కోకుండానే చదివాను.

అప్పటి నుంచీ సాయంత్రం ఈల వినబడితే రెండు గ్లాసులకు సరిపడా పాలు పెడతాను. వెనక వీధిలోంచి బసవయ్య గారు కూడా వింటారు. ఈయన గేటు తీసేసరికి ఆయనా వస్తారు. అరుగు మీద కూర్చుని ఒక గుక్క తాగి, "ఈవేళ పంట బాగుందండి," అంటారు. బాగా లేని రోజు కూడా అలాగే అంటారు.

మొన్న ఈయన గోదావరి గట్టు మీద చచ్చిపోవడానికి అవుట్‌డోరుకు వెళ్ళారు. వారం దాకా రారు. బయల్దేరుతుంటే నేను గేటు దాకా వెళ్ళలేదు. దొడ్లో అంట్లు తోముతూ ఉండిపోయాను. ఆ సాయంత్రం ఎంత వద్దనుకున్నా కాళ్ళు గేటు దగ్గరికే వచ్చాయి. ఎవరూ రారని తెలుసు. అయినా నిలబడ్డాను.

బూత్ దగ్గర్నుంచి ఈల వినబడింది.

ఈయనది కాదు. ముప్పాతిక గాలి, పావు చప్పుడు. రాగం ఏదో చెప్పడం పరాంకుశం గారి తరం కూడా కాదు. మధ్యలో ఒకసారి ఆగింది, పళ్ళు సర్దుకున్నట్టున్నారు, మళ్ళీ అందుకుంది. బసవయ్య గారు వెనక వీధి మనిషి. మా ఇంటికి రావడానికి బూత్ వైపు తిరిగి రానక్కరలేదు.

పట్టాదారు స్వయంగా సాగు చేసుకుంటున్నాడు. చట్టం కోరింది ఇదే అనుకుంటాను. నేను లోపలికి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను.